చెల్లి వేసిన అతుకు

బాబాయికి,

మీరు ఫోన్లో చెప్పిన ఉపాయం పనిచేసింది. నిన్న చెల్లి పనిచేసే చోట తయారైన నౌక చంద్రుడి మీద దిగే వేళకి మా కంప్యూటర్లో టీవీ బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోయింది. కేబుల్ మార్చాను, ఛానెళ్లు మళ్లీ వెతికించాను, లాభం లేకపోయింది. వెల్డింగ్ ఆడపిల్ల పనా అని మూడేళ్లుగా చెల్లితో మాట్లాడని నాన్న, పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు.

మీరన్నట్టు, కంప్యూటర్‌కి తగిలించిన టీవీ యాంటెనాని దాని పక్కనుంచి తీసి, పొడుగు వైరుతో కిటికీ దగ్గరికి తీసుకెళ్లాను. పైకెత్తి పట్టుకుంటేనే బొమ్మ వస్తోంది.

"ఇలా తే," అని నాన్న లేచొచ్చి పట్టుకున్నారు.

బొమ్మ కుదిరింది. బూడిదరంగు నేల, దాని మీద నౌక కాలు. ఆ కాలికి అతుకు వేసింది మన చెల్లే! మనింటి పిల్ల చేతిపని చంద్రుడి మీద నిలబడి ఉంది బాబాయ్.

నాన్న చాలాసేపు చెయ్యి దించలేదు. "ఊడలేదే!" అన్నారు. "అంత దూరం వెళ్లినా ఊడలేదే!"

తర్వాత చెల్లి నంబరు అడిగారు. నేనే ఫోన్లో నొక్కి ఇచ్చాను.

మీ
పెద్దమ్మాయి