పెయింటు కొట్టని సైకిలు

వేలూరు జిల్లా గుడియాత్తం పట్టణం నెల్లూరుపేటలో కాపురమున్న, కీర్తిశేషులు మునిరత్నం గారి పెద్ద కొడుకు వెంకటాద్రి, వయస్సు అరవై రెండు, వృత్తి సైకిలు ఫ్రేముల తయారీ, 1999 నవంబరు 14వ తేదీన సొంత చేతితో రాసుకున్న వీలునామా ఇది.

నా బుద్ధి నిలకడగా ఉంది. గుండె సగమే పనిచేస్తోందని వేలూరు డాక్టరు చెప్పాడు, కానీ గుండెతో రాయడం లేదు కదా. ఇలాగే రాయాలని నన్నెవరూ బలవంతం చేయలేదు. బలవంతం చేసేందుకు ఇంట్లో ఎవరూ లేరు. ఇంతకు ముందు నేను ఏ వీలునామా రాయలేదు.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత రిటైరయిన తెలుగు టీచరు గోవిందస్వామి గారిది. నా తమ్ముడు ధనశేఖర్ చదివింది తమిళ బడిలో. ఇంట్లో తెలుగే మాట్లాడతాడు గానీ తెలుగు అక్షరం రాదు. కాబట్టి గోవిందస్వామి గారు వేలూరు కొసపేటలో వాడి ఇంటికి వెళ్లి, ఇదంతా వాడికి చదివి వినిపించాలి. ఎనిమిదో క్లాజు నిదానంగా చదవాలి. మధ్యలో వాడు లేచిపోతే, మళ్లీ ఒకసారి వెళ్లాలి.

2. నా ఇల్లు, ముందున్న షాపుతో సహా, ధనశేఖర్ కూతురు సురేఖకు చెందుతుంది. షాపులో ఎడమవైపు గది మాత్రం ఇందుమతి బతికున్నంత కాలం ఆమె చేతిలోనే ఉండాలి. ఆమె పేర్ణాంబట్టు నుంచి తోలు ముక్కలు తెచ్చి ఆ గదిలో సైకిలు సీట్ల కవర్లు కుడుతుంది. నా భార్య దేవకి పోయి తొమ్మిదేళ్లయింది. ఈ తొమ్మిదేళ్లలో రోజూ మధ్యాహ్నం మిషను ఆపి, "అన్నా, సాప్పాడు ఆయిందా?" అని నా భోజనం గురించి అడిగిన మనిషి ఆమె ఒక్కతే. కాలేదని నేను ఏనాడూ చెప్పలేదు. చాలాసార్లు అయ్యుండేది కాదు.

3. నా గ్యాసు వెల్డింగు సెట్టు, ఆకురాళ్లు, ఫ్రేము బిగించే ఇనుప చట్రం జయరాములుకు. అతను రాణిపేట దగ్గరి ఫ్యాక్టరీలో నాకు పని నేర్పిన వెల్డరు. చక్రాలు సరిచేసే స్టాండు ఈ జాబితాలో లేదు, ఎందుకంటే అది రెండేళ్లుగా పెరియసామి ఇంట్లో ఉంది. పెరియసామి ఈ వీలునామాకు సాక్షి. అతనికి తెలుగు చదవడం రాదు కాబట్టి సంతకానికి ముందే ఈ క్లాజు అతనికి చదివి వినిపించాను. నవ్వాడు. స్టాండు మాత్రం తేలేదు. దాన్ని వసూలు చేసి జయరాములుకు ఇవ్వాలి.

4. పెళ్లయిన ఏడాది నేను చేసిన స్టీలు సైకిలు కూడా జయరాములుకే. దేవకి దాన్ని తొక్కడం నేర్చుకోలేదు. వెనక క్యారియరు మీద కూర్చుని ముప్పై ఊళ్లు తిరిగింది. స్టీలు బరువు, తుప్పు పడుతుంది. కానీ దానితో బతకడం సులభం. విరిగే ముందు వంగుతుంది, తుప్పు కారుతుంది, కిర్రుమంటుంది. అతుకు విడితే ఏ ఊళ్లోనైనా ఇత్తడితో మళ్లీ అతికించుకోవచ్చు. ముప్పై ఏళ్లు నేను స్టీలుతోనే అన్నం తిన్నాను. దాన్ని వదిలి వేరే లోహం పట్టుకోవడం నేను చేసిన మొదటి తప్పు.

5. ధనశేఖర్ నాకన్నా పద్నాలుగేళ్లు చిన్న. అమ్మ పోయాక నేనే పెంచాను. సైకిలు పందేలంటే వాడికి పిచ్చి. స్టీలు ఫ్రేముతో ఎప్పుడూ రెండో స్థానమే. 1985లో అల్యూమినియం గొట్టాలు సంపాదించి వాడికొక తేలిక ఫ్రేము చేశాను. ఎర్ర రంగు వేయించాను. మొదటిరోజు దాన్ని ఒక వేలితో ఎత్తి, "అన్నా, ఇది సైకిలా, గాలిపటమా?" అని వీధంతా చూపించుకున్నాడు.

ఆ ఏడాది ఆగస్టు పదిహేను పందెంలో, పేర్ణాంబట్టు రోడ్డు దిగుడులో, వాడు అందరికన్నా ముందున్నాడు. హ్యాండిలు కింద అతుకు విడిపోయింది. ఎడమ తుంటి విరిగింది. ఏడు నెలలు మంచంలో ఉన్నాడు. లేచేసరికి ఎడమ కాలు రెండంగుళాలు పొట్టి. అతుకు సరిగా కుదరలేదని ఊరంతా అనుకుంది, వాడూ అనుకున్నాడు. నేను కాదనలేదు. ఆ తరువాత వేలూరు వెళ్లి పుస్తకాల బైండింగు పనిలో చేరాడు. పెళ్లికి పత్రిక పోస్టులో వచ్చింది. నేను, దేవకి వెళ్లి చివరి వరసలో కూర్చుని, భోంచేయకుండా వచ్చేశాం.

6. 1992లో మా వైపు కెమికల్ ఫ్యాక్టరీలకు కొత్త యంత్రాలు రావడం మొదలైంది. యాసిడ్లు నడిచే గొట్టాలు టైటానియంతో చేసేవారు. షాపులో పని తగ్గింది, ఫ్యాన్సీ సైకిళ్లు పెట్టెల్లో వచ్చేవి, ఫ్రేము చేయమనేవాడు లేడు. యాభై అయిదేళ్ల వయసులో ఆ టైటానియం గొట్టాలు అతికే ఫ్యాక్టరీలో వెల్డరుగా చేరాను. జయరాములు నాకన్నా ఇరవై ఏళ్లు చిన్న, అయినా నా గురువు. మొదటిరోజు అతను చెప్పింది ఇదే: "పెద్దాయనా, కాలేటప్పుడు దీనికి గాలి తగలకూడదు. తగిలితే పైకి బాగానే ఉంటాది, లోపల బిస్కెట్టు మాదిరి అయిపోతాది."

అందుకని అతుకు బయటా, గొట్టం లోపలా ఆర్గాన్ గ్యాసు నింపి కాలుస్తారు. చల్లారాక అతుకు వెండిలా మెరిస్తే మంచిది. నీలం తిరిగితే కోసి పారేయాలి. ఆ లోహం స్టీలులో ఇంచుమించు సగం బరువు. చెమటకు, వానకు తుప్పు పట్టదు. గతుకు మీద పడితే కొద్దిగా ఊగి, దెబ్బను తను తీసుకుంటుంది, ఒంటికి పంపదు. ఇది తెలిసినరోజు నాకు గుర్తొచ్చింది ధనశేఖర్ తుంటి. కార్బన్ నారతో చేసే ఫ్రేములు విదేశాల్లో ఉన్నాయంటారు. నేను చూడలేదు. చూడనిదాని గురించి వీలునామాలో రాయకూడదు.

మిగిలిపోయిన గొట్టం ముక్కలు తీసుకోవడానికి సూపర్‌వైజరు చీటీ రాసి ఇచ్చాడు, అది నా బీరువాలో ఉంది. ఆదివారాలు అక్కడి షెడ్డులోనే వాటితో ధనశేఖర్ కోసం ఒక ఫ్రేము చేశాను. నాలుగేళ్లు పట్టింది. నీలం తిరిగిన అతుకులు పదకొండు కోసేశాను. తుంటి నొప్పి ఉన్నవాడు కాలు ఎత్తి తిప్పలేడు కాబట్టి పై గొట్టం బాగా కిందికి దించాను. ముందు ఫోర్కు మాత్రం కొన్నది, స్టీలు.

7. ఆ సైకిలు ధనశేఖర్‌కు చెందుతుంది.

1996లో దాన్ని బస్సుపైన వేసుకుని వాడి ఇంటికి తీసుకెళ్లాను. వాకిట్లోనే చెప్పాడు: "ఇనుమయినా, అలుమినియమయినా, ఇంగేదయినా సరే. నువ్వు అతికించిన దాని మింద నేను కాలు పెట్టను. ఎత్తుకోని పో." "అన్నా" అని కూడా పిలవలేదు.

బస్సు కోసం నిలబడలేదు. తొక్కుకుంటూ గుడియాత్తం వచ్చాను, ముప్పై కిలోమీటర్లకు పైనే. ఆ తరువాత ఆదివారం మళ్లీ తొక్కుకుంటూ వెళ్లాను. మూడేళ్లు అలా వెళ్లాను. వాడి వీధి మొగన టీ తాగడం, అతుకులన్నీ వేలితో తడిమి చూడటం, వెనక్కి రావడం. ఫ్రేమును పరీక్షిస్తున్నానని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. నెల తిరక్కుండానే పరీక్ష అయిపోయింది.

పోయిన జూలైలో ఒక ఆదివారం సురేఖ టీ అంగడి దగ్గరికి వచ్చింది. పసిపిల్లగా పెళ్లిళ్లలో చూశాను గానీ మాట్లాడటం అదే మొదలు. "పెదనాయనా, వారం వారం ఈడ దాకా వచ్చి టీ తాగి పోతా ఉండావంట. అదేనా ఆ సైకిలు? ఇట్లియ్యి, ఒక రౌండు కొట్టి వస్తా" అంది. ఇచ్చాను. వాళ్ల ఇంటి ముందు నుంచే పోయింది, బెల్లు కొట్టుకుంటూ. మూడోసారి తిరిగేసరికి ధనశేఖర్ వీధిలోకి వచ్చి నిలబడ్డాడు. నేను దగ్గరికి వెళ్లాను. వెళ్లకపోతే సైకిలు ఎవరు తెచ్చుకుంటారు?

"బరువెంత ఉండాది?" అన్నాడు, నన్ను చూడకుండా.

"మొత్తం పన్నెండు కేజీలురా."

సీటు పట్టుకుని ఎడమ చేత్తో ఎత్తాడు. కాసేపు అలాగే పట్టుకున్నాడు. పద్నాలుగేళ్ల కిందటి మొఖం ఒక్క నిమిషం కనిపించింది. దించి, హ్యాండిలు కింద అతుకు మీద బొటనవేలు పెట్టి, "దీనికి పెయింటు ఏంటికి కొట్టలా?" అని అడిగాడు.

"దీనికి అక్కర్లేదురా. తుప్పు పట్టదు" అన్నాను.

తల ఊపి లోపలికి పోయాడు. తలుపు మాత్రం వేయలేదు. నన్ను రమ్మనలేదు, నేను వెళ్లలేదు.

8. నేను చెప్పింది లోహం గురించి నిజం. వాడు అడిగినదానికి జవాబు అది కాదు. జవాబు ఇక్కడ రాస్తున్నాను.

1985 ఆగస్టు పద్నాలుగో తేదీ సాయంత్రం, ఎర్ర సైకిలు తుడుస్తుండగా, హ్యాండిలు కింద అతుకులో వెంట్రుకంత గీత చూశాను. అది పెయింటు పగులు కాదు. నా పనిలో ఉన్నవాడికి ఆ తేడా తెలుస్తుంది. అల్యూమినియం విరిగే ముందు చెప్పదంటారు. నాకు చెప్పింది. పందెం మానుకోమని చెబితే ధనశేఖర్ ఏడుస్తాడు, మళ్లీ అతికించడానికి సమయం లేదు, ఒక్కరోజే కదా ఆగుతుందిలే అనుకున్నాను. డబ్బాలో మిగిలిన ఎర్ర పెయింటు తీసి గీత మీద పూశాను. పొద్దున వాడు వచ్చి, ఆ తడి మెరుపు చూసి, కొత్తగా పెయింటు కొట్టానని సంతోషపడి నా కాళ్లకు దండం పెట్టి పోయాడు.

ఈ మాట దేవకికి కూడా చెప్పలేదు. శేఖరా, నాకు పని రాక నీ కాలు పోలేదు. నాకు తెలిసే పోయింది. అందుకే ఈ సైకిలు మీద చుక్క రంగు కూడా లేదు. ఏ అతుకూ దేని కిందా దాక్కోలేదు. రోజూ చూసుకో.

ఇది విన్న తరువాత సైకిలు వద్దంటే, అది వాడి హక్కు. రంపంతో కోయించి లోపల చూడాలనుకున్నా కోయించవచ్చు. గోవిందస్వామి గారు వాడికి నచ్చజెప్పకూడదు. సురేఖ కూడా నా తరఫున మాట్లాడకూడదు. ఇల్లు మాత్రం దేనితోనూ ముడిపెట్టకుండా సురేఖకే పోతుంది.

9. నాకు కొడుకులు లేరు. కొరివి పెట్టమని ఎవరినీ అడగకండి, శ్మశానం కరెంటుదో కట్టెలదో, ఏది దగ్గరయితే అది. ధనశేఖర్‌కు కబురు పంపాలి గానీ రమ్మని బలవంతం చేయకూడదు. ఒకవేళ వస్తే, నా వాకిట్లో మూడు మెట్లున్నాయి, కొంచెం ఎత్తు. ఎడమ వైపు పట్టుకుని ఎక్కడానికి, పోయిన ఆగస్టులో, మిగిలిన టైటానియం గొట్టంతో ఒక పిడి బిగించాను. ఇంతవరకు దాన్ని ఎవరూ పట్టుకోలేదు. గట్టిగానే ఉంటుంది.

పైన రాసినదంతా నా ఇష్టప్రకారమే రాసి, సాక్షుల ఎదుట సంతకం చేశాను.

గుడియాత్తం,
14-11-1999

(సంతకం) ము. వెంకటాద్రి

సాక్షులు:
1. పెరియసామి, టైర్ల అంగడి, గుడియాత్తం (తమిళంలో సంతకం)
2. సురేంద్రన్, పోస్టుమాన్, నెల్లూరుపేట (తమిళంలో సంతకం)