కాల్స్: సున్నా

3 మార్చి 2025

రిజిస్ట్రార్ భీమశంకరరావు గారు పిలిచారు. జూన్‌లో అడ్మిషన్లు మొదలయ్యేసరికి యూనివర్సిటీలో పాత టెలిఫోన్లన్నీ పోయి ఇంటర్నెట్ ఫోన్లు రావాలట. ప్లాన్ నేను వెయ్యాలట. కంప్యూటర్ సెంటర్‌లో ఇంతమంది ఉండగా నేనే ఎందుకు సార్ అంటే, నువ్వైతే తప్పుల్లేకుండా చేస్తావమ్మా శ్రీసత్యా అన్నారు. పడిపోయాను. పొగిడితే పడిపోవడం నాకు చిన్నప్పటి జబ్బు.

సరే, మొత్తం ఎన్ని ఫోన్లు సార్ అని అడిగాను. ఎవరికీ తెలీదు! ఇంజనీరింగ్ సెక్షన్‌కి తెలీదు, స్టోర్స్‌కి తెలీదు. పదహారేళ్ళ కిందటి డైరెక్టరీ ఒకటి దుమ్ము దులిపి ఇచ్చారు. ఆరొందల పన్నెండు నంబర్లు. మొదటి పేజీలోనే ముగ్గురు చనిపోయినవాళ్ళు. వాళ్ళ నంబర్లకి చేస్తే ఎక్కడో మోగుతున్నాయి. ఎక్కడ మోగుతున్నాయో చెప్పగలిగిన మనిషి లేడు.

6 మార్చి

ఎక్స్‌చేంజి గదికి వెళ్ళాను. అడ్మిన్ బ్లాక్ మెట్ల కింద ఉంది. బీరువా అంత యంత్రం, దాని పక్కన బోర్డు ముందు ఆపరేటర్ కుసుమకుమారి గారు. పదకొండేళ్ళుగా సున్నా నొక్కితే పలికే గొంతు ఆవిడదే. మనిషిని చూడటం ఇదే మొదలు.

ఎవరమ్మా అన్నారు. ఐడీ కార్డు చూపించాను. మళ్ళీ ఎవరమ్మా అన్నారు. అప్పటికిగాని నాకు వెలగలేదు. ఆవిడకి కళ్ళు కనబడవు. పుట్టుకతోనే లేవట.

పదకొండేళ్ళు! వారానికి నాలుగుసార్లు మాట్లాడిన మనిషి. నాకు తెలీదు. సిగ్గేసింది. గుడ్ మార్నింగ్ అన్నాను. కంప్యూటర్ సెంటర్ శ్రీసత్య మేడమా, నాలుగొందల ఏడు, జలుబు సేసినట్టుందే అన్నారు.

ఆ గదిలో కూర్చుని రెండు గంటలు రాసుకున్నాను. ఏ నంబరు ఏ గదిలో ఉందో డైరెక్టరీ కంటే ఆవిడకే ఎక్కువ తెలుసు. మీతో ఎవరెవరు మాట్లాడతారో చెప్పండి అంటే గుక్క తిప్పుకోకుండా మూడొందల దాకా చెప్పారు. లేచేటప్పుడు, అందరికీ కొత్త ఫోన్లు ఇత్తారా అమ్మా అని అడిగారు. పనిచేసే ప్రతి ఫోనుకీ కొత్తది వస్తుంది, మీరేం బెంగ పెట్టుకోకండి అన్నాను. నాకేటి బెంగ, నన్ను లైబ్రరీ ఎంక్వయిరీలో కూకోబెడతారట, ఆళ్ళ గురించే అడిగినాను అన్నారు.

11 మార్చి

ఫోన్లు పెట్టే కంపెనీ తరఫున నాగవంశీ అనే ఇంజనీరు వచ్చాడు. మధురవాడలో ఆఫీసు. పాత యంత్రంలోంచి ఆర్నెల్ల కాల్ రిపోర్టు లాగి ఇచ్చాడు. రెండొందల పద్నాలుగు నంబర్ల ఎదురుగా ఒకే మాట. కాల్స్: సున్నా.

నమ్మలేక మళ్ళీ తీయించాను. మళ్ళీ అదే. మూడోవంతు యూనివర్సిటీ ఆర్నెల్లుగా ఒక్కరితోనూ మాట్లాడలేదు! చచ్చిన ఫోన్లకి కొత్తవి ఎందుకు, కోసేద్దాం అన్నాను. రిజిస్ట్రార్ సంబరపడ్డారు. కాకపోతే ప్రతిచోటికీ మనిషి వెళ్ళి చూసి రావాలన్నారు. ఫారం నేనే తయారుచేశాను. ఆఖరి కాలమ్: స్థలం చూశారా?

19 మార్చి

నడిచి నడిచి బొబ్బలు. ఒక ఫోను గోనెసంచుల కింద. ఒకటి తలుపుకి అడ్డం. బోటనీలో ఒక మేడమ్ రిసీవర్ లేని ఫోను మీద పూలకుండీ పెట్టుకుంది, తియ్యొద్దని బతిమాలింది. ఇలాంటివి చూస్తుంటే రిపోర్టు మీద నమ్మకం కుదిరింది. సున్నా అన్న ప్రతిచోటా నిజంగానే సున్నా.

27 మార్చి

ఇంకా ముప్ఫై ఎనిమిది. ఎండ మండిపోతోంది.

2 ఏప్రిల్

ఫైలు సాయంత్రానికల్లా కావాలన్నారు రిజిస్ట్రార్. ముప్ఫై ఎనిమిది అలాగే ఉన్నాయి. జువాలజీ గోడౌను, పాత వర్క్‌షాపు, కొండ వెనక పంప్‌హౌస్, ఇలాంటివి. పంప్‌హౌస్ గురించి ఇంజనీరింగ్ సెక్షన్ జగ్గారావు గారికి ఫోన్ చేశాను. అక్కడ మోటార్లు తప్ప ఏటున్నాయమ్మా, ఎవులు మాటాడతారు అని నవ్వి, ఫారం పంపితే సంతకం పెట్టేశారు. ఆయన కూడా ఆ కొండ ఎక్కి ఎన్నాళ్ళయిందో.

ముప్ఫై ఎనిమిదింటికీ చూశాను అని టిక్ పెట్టాను. చూడలేదు.

10 ఏప్రిల్

పది కొత్త ఫోన్లు పెట్టి పరీక్ష చేశాం. పదకొండున్నరకి కరెంటు పోయింది. పదీ ఒక్కసారిగా చచ్చిపోయాయి. పక్కనే పాత ఫోను ఎత్తితే హాయిగా పలుకుతోంది. దానికి కరెంటు టెలిఫోను తీగలోంచే వస్తుంది. ఇంత చిన్న సంగతి నా ప్లాన్‌లో లేదు! హెల్త్ సెంటర్‌కీ, హాస్టళ్ళకీ, గేటుకీ బ్యాటరీలు రాయించాను. ముందే బయటపడింది, బతికిపోయాను.

24 ఏప్రిల్

పాతవీ కొత్తవీ రెండు వారాలు కలిపి నడపాలని ప్లాన్‌లో రాశాను. రిజిస్ట్రార్ ఆ పేరా కొట్టేశారు. పంతులుగారు మే ఐదు, ఉదయం పది పన్నెండుకి ముహూర్తం పెట్టారట. ఆ తర్వాత మంచి రోజుల్లేవట. మిషన్‌కి కూడా ముహూర్తమా సార్ అన్నాను. ఆయన నావైపు చూసిన చూపుకి ప్లాన్‌లో తేదీ మార్చేశాను.

5 మే, ఉదయం 11

అయిపోయింది. కొబ్బరికాయ కొట్టి, పాత యంత్రానికి బొట్టు పెట్టి, స్విచ్ నేనే కట్టేశాను. కొత్త ఫోన్లు మూడొందల తొంభై ఎనిమిది. అన్నీ పలుకుతున్నాయి. తప్పుల్లేకుండా చేశావమ్మా అన్నారు రిజిస్ట్రార్ అందరి ముందూ. గాల్లో ఉన్నాను.

5 మే, సాయంత్రం 6. ఆసుపత్రి వరండా

 జరిగింది జరిగినట్టు రాస్తాను.

భోజనాల తర్వాత, ఒకటిన్నరకి, లైబ్రరీలో కుసుమకుమారి గారికి స్వీటు ఇవ్వడానికి వెళ్ళాను. తీసుకుని పక్కన పెట్టారు. వరహాలుకి ఏ నంబరు ఇచ్చినారమ్మా అన్నారు. వరహాలు ఎవరన్నాను. పంప్‌హౌస్ వరహాలు అన్నారు. ఆ ఫోను వాడకంలో లేదు కదండీ, ఆర్నెల్లుగా ఒక్క కాల్ లేదు అన్నాను.

ఆవిడ మొహం తెల్లబోయింది. కాల్ ఎందుకుంటాది, నాను ఎత్తను కదా అన్నారు.

అప్పుడు చెప్పారు. తొమ్మిదేళ్ళ కిందట ఇంకో పంప్ ఆపరేటర్ అక్కడ పాము కరిచి పడిపోతే సాయంత్రం దాకా ఎవరూ చూడలేదట. కొండ వెనక సెల్ సిగ్నల్ ఉండదు. ఆ తర్వాత వచ్చినవాడు వరహాలు. అతను గంటకోసారి ఆవిడ బోర్డుకి రింగ్ ఇస్తాడు. రెండు రింగులిచ్చి పెట్టేస్తే ట్యాంకు నిండింది, నాను బాగున్నాను అని. ఆగకుండా మోగితే ఎత్తాలి. గంట దాటినా రింగ్ రాకపోతే ఆవిడ గేటుకి చెప్పి సెక్యూరిటీని పైకి పంపుతారు. మొదట్లో ఎత్తి మాట్లాడేవారట. డ్యూటీలో ముచ్చట్లాడుతోందని అప్పటి ఆఫీసరొకాయన మెమో ఇచ్చారట. అప్పట్నుంచి ఎత్తడం మానేశారు.

మరి నాకెందుకు చెప్పలేదండీ అని అరిచాను. నాతో మాటాడీవోళ్ళనే కదమ్మా అడిగినారు, పనిసేసే ఫోనన్నిటికీ కొత్తది వత్తాదని మీరే సెప్పినారు కదా అన్నారు.

పరిగెత్తాను. నాగవంశీ బైకు మీద సగం దూరం, తర్వాత మెట్లు. వరహాలు పంప్‌హౌస్ గడపలో పడి ఉన్నాడు. పదిన్నరకి నీళ్ళతొట్టి దగ్గర కాలు జారి తొడ ఎముక విరిగిందట. పాక్కుంటూ ఫోను దాకా వెళ్ళాడు. రిసీవర్ తీగతో కిందకి వేలాడుతోంది. మూడు గంటలకి పైగా ఆ ఎండలో. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. పెదాలు పగిలిపోయాయి. మమ్మల్ని చూసి, ఫోను పలకట్నేదు అన్నాడు. ఆ తర్వాత తెలివి లేదు.

పది పన్నెండుకి స్విచ్ కట్టేసింది నేను.

6 మే

ప్రాణభయం లేదన్నారు డాక్టర్లు. కిడ్నీలు దెబ్బతిన్నాయట, చూడాలట.

మా ఆయన అశోక్ పొద్దున్న స్టీల్ ప్లాంట్ గేటు దాటగానే నాకు మిస్డ్ కాల్ ఇచ్చాడు. నేను ఎత్తలేదు. ఎప్పుడూ ఎత్తను. చేరాను అని దాని అర్థం. పన్నెండేళ్ళుగా మా ఇంట్లో రోజూ జరిగేదే ఇది. ఫోను చేతిలో పట్టుకుని అలా కూర్చుండిపోయాను. పాలు పొంగి స్టవ్ మీద పడ్డాయి.

నాగవంశీని అడిగాను. ఎత్తిన కాల్సే రిపోర్టులో వస్తాయి మేడమ్, ఎత్తనిది కాల్ ఎలాగవుద్ది అన్నాడు.

8 మే

వరహాలుకి తెలివొచ్చింది. వెళ్ళాను. కాలికి బరువు కట్టారు. వాళ్ళావిడ నాగమణి స్టూలు జరిపి కూర్చోమంది. ఎక్కడ తిడుతుందో అని భయపడుతూ కూర్చున్నాను. తిడితే బాగుండేది. ఆవిడ నాకు కాఫీ తెప్పించింది.

వరహాలు చేతులు జోడించాడు. తప్పు నాదే మేడమ్, ఫోనులో మాటాడకుండా ఊరికే రింగిచ్చి పెట్టీసీవోడ్ని, ఆఫీసు ఫోనుతో అలా సెయ్యకూడదు, నా ఉజ్జోగం తియ్యకండి అన్నాడు.

కాఫీ గ్లాసు కింద పెట్టాను. మీ తప్పేం లేదు అన్నాను.  ఫారంలో నేను పెట్టిన టిక్ గురించి చెప్పలేదు. పిరికిదాన్ని.

12 మే

ఎంక్వైరీ కమిటీ డ్రాఫ్టు చూశాను. పంప్‌హౌస్ ఫోను వాడకంలో లేదని స్థలం చూసి నిర్ధారించారు అని ఉంది. కింద నా పేరు. ఆ తర్వాత, వరహాలు ఆఫీసు ఫోనుని అనుమతి లేని పద్ధతిలో వాడాడు, తన జాగ్రత్త తాను చూసుకోలేదు, కాబట్టి ఇది డ్యూటీ ప్రమాదం కిందకి రాదు, పనిలో పెట్టుకున్న కాంట్రాక్టరు అతన్ని తొలగించవచ్చు అని ఉంది. నాలుగుసార్లు చదివాను. కాలు విరిగి మంచం మీద ఉన్న మనిషిని!

రిజిస్ట్రార్ దగ్గరికి వెళ్ళి, సార్, నేను అక్కడికి వెళ్ళలేదు అన్నాను. ఆయన లేచి వెళ్ళి తలుపు వేశారు. ఫైలు నీవైపే ఉందమ్మా, నువ్వు ఊరుకుంటే చాలు అన్నారు. నీకు ఇద్దరు పిల్లలు, సస్పెండైతే ఏం చేస్తావు అన్నారు. నిజమే, ఏం చేస్తానో నాకు తెలీదు.

పోనీ మిగతా ముప్ఫై ఏడు చోట్లైనా ఇప్పుడు వెళ్ళి చూసొస్తాను సార్ అన్నాను. వద్దన్నారు. ఇప్పుడు వెళ్తే అప్పుడు వెళ్ళలేదని నువ్వే ఒప్పుకున్నట్టట.

ఇంటికొచ్చి అశోక్‌తో చెప్పాను.  ఆ ముప్ఫై ఏడింట్లో ఇంకెవులైనా ఉంటే ఏటి సేత్తావే అన్నాడు.

14 మే, ఉదయం 11.40

మూడు పేజీలు రాసి చింపేశాను. చివరికి నాలుగు ముక్కలు. పంప్‌హౌస్‌కి నేను వెళ్ళలేదు. వెళ్ళినట్టు రాశాను. ఆ ఫోను వాడకంలో ఉంది. వరహాలు డ్యూటీలో ఉండగా పడ్డాడు.

రిజిస్ట్రార్ చదివి కాగితం నావైపు తోశారు. ఇంటికి తీసుకెళ్ళు, రేపు మాట్లాడదాం అన్నారు. ఇంటికి తీసుకెళ్తే మళ్ళీ తేను, నా సంగతి నాకు తెలుసు. తిన్నగా ఇన్వర్డ్ సెక్షన్‌కి వెళ్ళి ఇచ్చాను. సీలు కొట్టి నంబరు వేశారు. 1163. ఇక దాన్ని ఎవరూ వెనక్కి తియ్యలేరు.  ఆ ముప్ఫై ఏడు చోట్లకీ బయల్దేరుతున్నాను.

సాయంత్రం 4

మూడో చోటు, పాత వర్క్‌షాపు. ఫోను మీద దుమ్ము లేదు.

వాచ్‌మన్ కొండలరావు పరిగెత్తుకొచ్చాడు. వచ్చినారా మేడమ్, పొద్దున్నే ఎత్తి పలుకుతన్నాదో లేదో సూసుకుంటాను, తొమ్మిది రోజులైనాది ఇది పలికి అన్నాడు. మరి కంప్లెయింట్ ఇవ్వలేదేం అన్నాను. రోజూ ఇత్తన్నానండీ అన్నాడు. రిసీవర్ ఎత్తి, సున్నా నొక్కి, నా చెవి దగ్గర పెట్టాడు.