మూడో ప్రశ్నలో నీ ఫొటో

అన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఇందుకూరుపేటలో నీ ఫొటోగ్రఫీ క్లాసు ఇప్పుడు నేనే చెబుతున్నాను. పాఠం ఎక్కిందో లేదో చూడడానికి పిల్లలకు ఫోన్లో చిన్న క్విజ్ పెడతాను.

ఇవాళ్టి మూడో ప్రశ్న: ఈ ఫొటోలో తప్పేమిటి? మైపాడు ఒడ్డున పొద్దున్నే నేను తీసిన నీ ఫొటో అది. ఊరందరి ఫొటోలూ తీసిన నీకు, నీదంటూ మిగిలిన ఫొటో అదొక్కటే. కొత్త పిల్లలు, నిన్నెరగరు. నేనూ చెప్పలేదు.

అందరూ సరిగ్గానే పెట్టారు: ఎండ వెనక ఉంది, ముఖం నల్లగా పడింది.

"మనిషిని ఇటు తిప్పి ఇంకోటి తీసింటే సరిపోయేది గదక్కా," అనింది ఒకమ్మాయి.

ఆ పొద్దున నువ్వూ అదే అన్నావు. రేపు తీస్తాలే అని నేనే కెమెరా మూసేశాను.