కొత్త లేడీ స్కెల్డర్బీ

స్కెల్డర్బీ,
3 నవంబరు 1974
చిరంజీవి బారీకి,
మీ పెదనాన్న పోయాక బ్యారన్ బిరుదు హల్ పట్టణంలో బస్సు నడిపే నీకు దక్కింది, సంతోషం. నీకు పెళ్ళట, వంటమనిషి చెప్పింది. ఆ రోజు నుంచి మీ ఆవిడ లేడీ స్కెల్డర్బీ. నా పేరుకి ముందు 'డవజర్' అని తగిలిస్తారు, అంటే పాత లేడీ అన్నమాట. ఆచారం. నాకేం బాధ లేదు.
పెద్దమ్మ, ఆగస్టా
తా.క. బాధ లేదని రెండుసార్లు రాసి ఒకటి కొట్టేశాను.

హల్, 6 నవంబరు
పెద్దమ్మగారికి నమస్కారాలు.
ఇంటి గురించి బెంగ వద్దు. అది మీదే, మాకు ఇక్కడి రెండు గదులు చాలు.
విధేయుడు, బారీ
తా.క. డిపోలో "ప్రభువుగారూ, బస్సు కడగండి" అంటున్నారు. నాకు కాబోయే ఆవిడ మోరీన్ మీకు కేకు పంపుతోంది.

స్కెల్డర్బీ, 9 నవంబరు
బారీకి,
ఇల్లెవరిక్కావాలి? కప్పు కారుతోంది. మీ పెదనాన్న యాభై రెండేళ్ళు రోజూ పొద్దున్నే "లేడీ స్కెల్డర్బీ, లేస్తావా" అని పిలిచేవారు. ఆయన పోయాక నాకు మిగిలింది ఆ పేరే.
ఆగస్టా
తా.క. కేకు రాయిలా ఉంది. మొత్తం తినేశాను.

హల్, 12 నవంబరు
పెద్దమ్మగారికి,
మీ ఉత్తరం చదివి మోరీన్ ఏడ్చింది. మీరున్నన్నాళ్ళూ మేం పెళ్ళి చేసుకోం.
బారీ

స్కెల్డర్బీ, 14 నవంబరు
బారీకి,
అంటే నేనెప్పుడు పోతానా అని క్యాలెండరు చూస్తూ కూర్చుంటారా?
ఆగస్టా

హల్, 16 నవంబరు
పెద్దమ్మగారికి,
అయ్యయ్యో, మీరు నూరేళ్ళుండాలి. మాకేం తొందర లేదు. మార్చిలో బిడ్డ పుడుతుంది, పెళ్ళి సంగతి నిదానంగా చూసుకుంటాం.
బారీ
తా.క. మగపిల్లాడైతే పెదనాన్నగారి పేరే.

స్కెల్డర్బీ, 18 నవంబరు
ఒరే తెలివితక్కువవాడా,
పెళ్ళికి ముందు పుట్టిన కొడుక్కి ఈ బిరుదు రాదు. తరవాత పది పెళ్ళిళ్ళు చేసుకున్నా రాదు. నీ తరవాత వారసుడు లేడు. మీ పెదనాన్నకీ నాకూ పిల్లలు లేరు, ఈ పేరు నిలబడాలని ఆయన చివరిదాకా తపించారు. నా ముచ్చట కోసం మూడు వందల ఏళ్ళ వంశాన్ని ముంచుతావా? ఇక్కడి పాస్టరుతో మాట్లాడాను, మీ ఊరాయనకీ ఉత్తరం వేశాను. మూడు ఆదివారాలు చర్చిలో మీ పెళ్ళి చాటింపు, ఆపై శనివారం పెళ్ళి. మోరీన్‌ని బరువులెత్తనివ్వకు.
ప్రేమతో,
డవజర్ లేడీ స్కెల్డర్బీ
తా.క. చర్చి గుమ్మం దాటగానే మోరీన్‌ని ఆ పేరుతో మొట్టమొదట పిలిచేది నేను. నాకంటే ముందు ఎవరూ నోరు విప్పకూడదు, నువ్వు కూడా.