పర్తినా సూది వేయించుకున్నాకే చదవాలి

సుకోహర్జో జిల్లా న్గుతెర్ నివాసిని, ఫార్మసీ కళాశాలలో మూలికల రసాయనశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినదానిని, అవివాహితను, డెబ్బై రెండేళ్ళ వయసు గలదానిని అయిన మరియా కుస్మియాతి అను నేను, గుండె సరిగా లేకపోయినా బుర్ర సరిగానే ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా, కొందరి మీద పట్టరాని కోపంతో రాసుకున్న వీలునామా ఏమనగా:

దీని అమలుకర్తగా నోటరీ సుబగ్యో గారిని నియమిస్తున్నాను. ఆయన ఈ పత్రాన్ని ఒక్కసారిగా చదవరాదు. నన్ను పూడ్చిన మర్నాటి నుంచి రోజుకొక అంశం చొప్పున, పొద్దున్నే నా చెల్లెలు పర్తినా ఇంటి వరండాలో చదవాలి. అదైనా, నర్సు వెనింగ్ చేత ఆమె ఇన్సులిన్ సూది వేయించుకున్న తర్వాతే. వద్దని మొండికేస్తే కాగితం మడిచి సంచిలో పెట్టుకుని వెళ్ళిపోవాలి. ఆమె ఏడ్చినా, కాఫీ ఇచ్చినా, "ఒక్క ముక్క చెప్పి పొండి బాబూ, మీకు పుణ్యముంటుంది" అని బతిమాలినా లొంగరాదు. పక్కింట్లో ఏం కూర వండారో తెలియకపోతే నిద్రపట్టని మనిషి అది. అక్క ఎవరికేం రాసిందో తెలుసుకోకుండా ఎన్నాళ్ళుంటుందో నేనూ చూస్తాను.

అంశం 1. పెరట్లోని నేలవేము మళ్ళు, తిప్పతీగ పందిరి, వాటి కింది నేలతో సహా నా తదనంతరం మా కళాశాలకు చెందవలెను. షరతు ఏమనగా, ఆ రెండింటి కషాయం మీద నేను చేసిన పరీక్షను వారు మళ్ళీ మొదటినుంచి చేయాలి. అందులో పాల్గొనే రోగుల దరిదాపులకు కూడా పర్తినాను రానివ్వకూడదు. ఎందుకో రేపు చెబుతాను. రేపటి సూది కూడా వేయించుకో.

అంశం 2. నా ఇత్తడి గరిటె, రాతి కల్వం, వెదురు బుట్ట పర్తినాకు ఇస్తున్నాను. ఆ గరిటెను నువ్వు మరిచిపోయి ఉండవు. నా ఉద్యోగమంతా ఆ చేదు ఆకుల్లోని పదార్థాన్ని విడదీయడంలోనే గడిచింది. కొండను తవ్వి ఎలుకను పట్టానని నవ్వేవారు. నిజమే, ఎలుకలనే పట్టాను. వాటి రక్తంలో చక్కెర తగ్గింది. ఇక మనుషుల మీద చూడాలని ఈ ఊరి షుగర్ రోగులనే ఒప్పించి, వాళ్ళ మందులు ఆపకుండానే, పొద్దున్నే వరండాలో పహితాన్ అనే ఆ చేదు కషాయం పోయించాను. పోసే పని నమ్మకమైన మనిషికి అప్పగించాలనుకుని నీకు అప్పగించాను.

నువ్వేం చేశావు? ఒక్కొక్కరూ చేదు మింగి మొహం ముడుచుకోగానే, నా వెనకాల ఆ గరిటెతోనే రెండో గిన్నెలో పసుపు చింతపండు పానకం, అదీ కొబ్బరిబెల్లం దండిగా వేసి, అందరికీ పోశావు. జాము అనే మూలికల రసం అమ్మే ప్రతి ఆడమనిషీ చేసేది అదేనన్నావు. "పాపం, అంత చేదు మింగి ఊరికే ఎలా పోతారక్కా, నోరు తీపి చెయ్యొద్దూ?" అన్నావు. "నీ నోట్లో చక్కెర పొయ్య" అని అందరూ మాటవరసకు దీవిస్తారు. నువ్వు షుగర్ రోగుల నోట్లో నిజంగానే పోశావు, తల్లీ! నాకు తెలిసేసరికి పరీక్ష ముగిసింది. ఆకు పనిచేయలేదో, పనిచేసినా నీ బెల్లం మింగేసిందో ఇప్పటికీ నాకు తెలియదు. తెలియకుండానే పోతున్నాను.  

అంశం 3. మా విభాగాధిపతిగా చేసి, "ఇంట్లోవాళ్ళను పెట్టుకుంటే ఇంతేనమ్మా" అని అందరి ముందూ నవ్విన హర్తోయో గారికి ఏమీ ఇవ్వడం లేదు. ఈ అంశం ఇంతటితో సమాప్తం. సూది నొప్పికి ఇంతేనా దక్కిందని పర్తినా గొణుగుతుంది. గొణగనివ్వండి.

అంశం 4. పర్తినా కొడుకు గలిహ్‌కు నా ఎలుకల బోనులన్నీ ఇస్తున్నాను. "ఎలుకలలో చక్కెర తగ్గినది, మనుషులలో తేలలేదు" అని నేను రాసిన వాక్యంలోంచి ఎలుకలనూ, మనుషులనూ తీసేసి, "చక్కెర తగ్గినది" అని మాత్రం, ఆ ఆకుల పొడి నింపి తాను అమ్మే మందు గొట్టాల డబ్బా మీద అచ్చేశాడు. పక్కన నా ఫొటో. కింద "ఇక సూదులకు సెలవు" అని ఎర్రక్షరాలు. అడిగితే, "నువ్వు రాసిందే కదా పెద్దమ్మా, నేనేం కల్పించాను?" అన్నాడు. ఆ ఎలుకలను తిరిగి వాటి చోట పెట్టమని బోనులు ఇస్తున్నాను. నా పేరు గాని, ఫొటో గాని ఇకమీదట ఏ డబ్బా మీద కనిపించినా, అమలుకర్త కోర్టుకు వెళ్ళవలెను. అచ్చేసినవాడు ఎవరి కొడుకైనా, ఎవరి మేనల్లుడైనా వదలనక్కరలేదు. సొంత చెల్లెలి కొడుకును నేనే వదలడం లేదు.

వాడు మోసగాడైతే నాకింత బాధ లేదు. వాడు నమ్మాడు. నమ్మాడు కాబట్టే కన్నతల్లి చేత కూడా ఇన్సులిన్ మాన్పించి ఆ గొట్టాలే మింగించాడు. ఆమె ఎడమకాలి వేళ్ళు రెండు తీసేశాక కూడా, "ఇంకొన్నాళ్ళు వాడితే గుణం కనిపిస్తుంది పెద్దమ్మా" అని నాకే చెప్పాడు. ఒరేయ్, ఆ ఆకు మందు కాదని నేను అనడం లేదు. మందని తేలలేదు అంటున్నాను. ఈ రెంటికీ తేడా చెప్పీ చెప్పీ నా నోరు ఆ కషాయం కన్నా చేదైపోయింది.

నా పాత స్కూటరు కూడా వాడిదే. దాని మీదే వాడికి బండి నేర్పాను, మోకాళ్ళు ఇద్దరికీ పగిలాయి. దాని మీద వాళ్ళమ్మను నెలనెలా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. మెల్లగా నడపాలి.

అంశం 5. నా ఫ్రిజ్ పర్తినాకు చెందవలెను. మధ్య అరలో ఇన్సులిన్ తప్ప మరేదీ పెట్టరాదు. గడ్డకట్టే అరలో పెట్టావంటే అది ఎందుకూ పనికిరాదు. బెల్లం అచ్చులు దాచుకునే చోటు అది కాదు. వెనింగ్ జీతమూ, నీ మందుల ఖర్చూ బ్యాంకులో ఉన్న నా సొమ్ములోంచి నువ్వున్నన్నాళ్ళూ సుబగ్యో గారు చెల్లిస్తారు. "ఆకులుండగా ఈ పొడిపించుకోవడమేంటక్కా" అనకు. ఆకుల సంగతి నీకంటే నాకు బాగా తెలుసు. తెలుసు కాబట్టే చెబుతున్నాను.

అంశం 6, ఆఖరుది. నేనుంటున్న ఇల్లు, పందిరి మంచం, అమ్మ పెట్టె, అందులోని బాతిక్ అద్దకపు బట్టలు అన్నీ పర్తినా సర్వహక్కులతో అనుభవించవలెను. ఇవి ఎలాగూ నీవే. వీటికి షరతు లేదు.

ముందు చేదు, వెంటనే తీపి. ఈ వరుస నా తెలివి కాదు పర్తినా, నీదే. నా పరీక్షను నువ్వు ఏ పద్ధతిలో పాడుచేశావో, ఆ పద్ధతిలోనే ఈ ఆరు రోజులూ నీకు సూది వేయించాను. ఆ రోగుల మొహాలు చూసి నువ్వు తట్టుకోలేకపోయావని నాకు అప్పుడే తెలుసు. తెలిసీ పదకొండేళ్ళు నీతో సరిగా మాట్లాడలేదు. నీ మీద కోపం ఇంకా పోలేదు. అయినా నువ్వు నా వెనకాలే రావడం నాకు ఇష్టం లేదు. నువ్వు బతకాలి.

ఇక ఇవ్వడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. రేపు సుబగ్యో గారు రారు. వెనింగ్ ఒక్కతే వస్తుంది, చదవడానికి ఏ కాగితమూ లేకుండా.

చెయ్యి చాపవే.

ఇది నా ఎరుకతో, నా చేతివ్రాతతో, మా అయిదు రోజుల వారంలో పేరులోనే చేదున్న పహింగ్ రోజున, 2019 జూలై 16 మంగళవారం నాడు న్గుతెర్‌లో రాసి సంతకం చేశాను.

(సంతకం) మరియా కుస్మియాతి

సాక్షులు:
1. తుగియెం, జాము వ్యాపారం, ఎదురిల్లు (వేలిముద్ర)
2. ఇగ్నాతియుస్ ప్రనోవో, విశ్రాంత ఉపాధ్యాయుడు (సంతకం)