పట్టీలు కాదట

బావా, పప్పు పొయ్యి మీదున్నది, వేడి చేసుకొని తిను. పక్కింటి మాధవక్కతోని దవాఖానకు పోతున్న.

మొన్న సోనోగ్రఫీ చూసి డాక్టరమ్మ మరాఠీల "పాయాళూ" అన్నది. ఏందని నిన్నడిగితే, పాయల్ అంటే పట్టీలే, బిడ్డకు కొనమంటుందని నవ్వినవ్. పాయాళూ అంటే ఎదురుకాళ్ల బిడ్డంట. తల మీదికున్నదని, ఈ వారమే రమ్మన్నదని మాధవక్క డాక్టరమ్మ రాసిన కాయితం చదివి చెప్పింది. అత్తమ్మకైతే అసలు సంగతి చెప్పినవట, నాకే చెప్పలె. భయపడతననా? బిడ్డ నా కడుపులున్నది, భయం గూడ నాదే.

డాక్టరమ్మ పైనుంచి చేతులతో బిడ్డను తిప్పి చూస్తదట. తిరగకుంటే ఆపరేషన్ కావచ్చు. నువ్వు రా. కానీ డాక్టరమ్మ మాటలు నాకు మాధవక్కనే చెప్తది.

సౌజన్య

నువ్వు నవ్విన నాడే పట్టీలు కొన్న. అల్మారల ఉన్నయి. ముట్టకు.