తపస్సు మాను నాకు ఉంచండి

పుంగనూరు,
ఫిబ్రవరి 2008

కుప్పంలోని మా గురువుగారు నంజుండప్పగారికి నమస్కరించి రాసేది.

నా మడమ నొప్పి సంగతి మీకు తెలుసు. పొద్దున మంచం దిగి అడుగు వేస్తే నిప్పు తొక్కినట్టుండేది. అందుకే ఈ ఏడు భారతం వీధినాటకంలో నేను కట్టే అర్జునుడి వేషం మీ అల్లుడికి ఇస్తామన్నారు. నేనూ సరేనన్నాను.

కార్తీకంలో నా భార్య మునీశ్వరి నన్ను మదనపల్లె డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది. మడమకు షాక్‌వేవ్ వైద్యం చేస్తానని ఆమె అంటే, కరెంటు పెడతారేమోనని భయపడ్డాను.

"కరెంటు కాదప్పా, అలలు. గుంటలో రాయేస్తే నీళ్లు కదల్తాయి సూడు, అట్లా లోపలికి పోతాయి" అందామె.

మడమకు జెల్ పూసి మిషను ఆనించగానే టకటకా దెబ్బలు మొదలయ్యాయి. మొదట పళ్లు బిగించాను. రానురాను ఆ చప్పుడు మద్దెల మోతలా వినిపించింది. కళ్లు మూసుకుంటే, అర్జునుడు తపస్సుకెక్కే ఆ పొడుగాటి మాను చివర నేనున్నాను. కింద జనం, చెనిక్కాయ చేలు, చింతచెట్లు నీళ్లలో నీడల్లా మెల్లగా ఊగుతున్నాయి.

కొన్ని వారాలు అలా పెట్టించుకున్నాక నొప్పి చాలావరకు తగ్గింది. "మాను ఎక్కొచ్చు, గెంతులు మాత్రం ఎయ్యొద్దు" అంది డాక్టరమ్మ.

కాబట్టి ఆటంతా మీ అల్లుడినే ఆడనివ్వండి. తపస్సు మాను మాత్రం నాకు ఉంచండి.

పైనుంచి పడే నిమ్మకాయ తింటే పిల్లలు కలుగుతారని మాను కింద తడిబట్టలతో సాగిలపడే ఆడవాళ్లకు ఇన్నేళ్లూ నేనే వేశాను. ఈసారి వాళ్లలో మునీశ్వరి కూడా ఉంటానంది.

"ఇన్నాళ్లూ అడిగేదానికి సిగ్గయ్యింది. ఎవురి సేతి నిమ్మకాయో నాకొద్దు, నువ్వే ఎయ్యాల" అంది.

ఇట్లు,
మీ శిష్యుడు